తాళం పడ్డ ఖాతాలు

పంజాబ్ అండ్ మహారాష్ట్ర కో-ఆపరేటివ్ బ్యాంకు 1984 ఫిబ్రవరి 13న ముంబయిలోని సయాన్‌లో ఒక చిన్న గదిలో పుట్టింది. 2022 జనవరి 25న మరో బ్యాంకులో కలిసిపోయి పేరు పోగొట్టుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్లకు పందొమ్మిది రోజులు తక్కువ. జనం నోట అది పీఎంసీ బ్యాంకు.

దొంగలు పడి దోచుకుంటే పోయిన బ్యాంకు కాదిది. యుద్ధం వచ్చి, కరువు వచ్చి, రూపాయి విలువ పడిపోయి మునిగిన బ్యాంకూ కాదు. 2019 మార్చి నాటి దాని లెక్కలు ఎవరు చూసినా ముచ్చటపడేలా ఉన్నాయి. డిపాజిట్లు 11,617 కోట్ల రూపాయలు. ఇచ్చిన అప్పులు 8,383 కోట్లు. ఏడాది లాభం 99 కోట్లకు పైమాటే. మొండి బాకీలు నూటికి నాలుగు కూడా లేవు, 3.76 శాతమే. ఆ లెక్కలు అచ్చయి ఆరు నెలలు గడవకుండానే బ్యాంకు గల్లాపెట్టె మూతపడింది. ఈ పతనం కథంతా లెక్కల పుస్తకంలోనే జరిగింది. ఏ ఖాతాను ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్న ఒక్క నిర్ణయంలోంచి మొదలై, లక్షల ఇళ్ల వంటగదుల దాకా పాకింది.

ఆ బ్యాంకు ఎవరిదో దాని పేరే చెబుతుంది. దేశ విభజన తర్వాత ముంబయి చేరి సయాన్, కోలివాడ చుట్టుపక్కల స్థిరపడ్డ పంజాబీ కుటుంబాలు, వాళ్ల పక్కనే బతికే మరాఠీ చిరుద్యోగులు, టాక్సీలు నడుపుకునేవాళ్లు, స్పేర్ పార్టుల దుకాణాలవాళ్లు, గురుద్వారాలు, అపార్టుమెంట్ల హౌసింగ్ సొసైటీలు. పెద్ద బ్యాంకు మెట్లెక్కితే పలకరించే దిక్కులేని మనిషికి సహకార బ్యాంకులో కుర్చీ వేసేవారు. వడ్డీ కూడా కాస్త ఎక్కువే ఇచ్చేవారు. పింఛను సొమ్ము, ఆడపిల్ల పెళ్లికి దాచింది, ఊళ్లో పొలం అమ్మగా వచ్చింది, అన్నీ అక్కడికే చేరేవి. 2000లో రిజర్వు బ్యాంకు దానికి షెడ్యూల్డ్ బ్యాంకు హోదా ఇచ్చింది. ఒక గది 137 శాఖలైంది. పలు రాష్ట్రాల్లో బోర్డులు లేచాయి. పట్టణ సహకార బ్యాంకుల్లో దేశంలోనే పెద్దవాటి సరసన దాని పేరు వినిపించేది.

ఇలాంటి బ్యాంకుల మీద నమ్మకం ఎలా పెరుగుతుందో, ఎలా కూలుతుందో తెలుగువాళ్లకు కొత్త కాదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో హైదరాబాదులో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులు వరసగా పడిపోయినప్పుడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు పట్టుకుని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన పెద్దవాళ్లు మనలో చాలా ఇళ్లలో ఉన్నారు. అప్పట్లో లెక్కలు ఇంకా చాలాచోట్ల కాగితం మీదే ఉండేవి. కంప్యూటరు వస్తే ఈ బెడద తీరుతుందనీ, యంత్రం అబద్ధం ఆడదనీ అందరూ అనుకున్నారు. యంత్రం నిజంగానే అబద్ధం ఆడదు. కానీ ఏది చూపించమంటే అదే చూపిస్తుంది, ఎవరికి చూపించవద్దంటే వాళ్లకు చూపించదు.

పీఎంసీ కథలో అసలు ముడి హౌసింగ్ డెవలప్‌మెంట్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లిమిటెడ్ అనే ముంబయి రియల్ ఎస్టేట్ సంస్థ దగ్గర ఉంది. హెచ్‌డీఐఎల్ అంటే అక్కడ అందరికీ తెలుసు. దాని యజమానులు వాధావన్ కుటుంబం. బ్యాంకు మేనేజింగ్ డైరెక్టరు జాయ్ థామస్ 2019 సెప్టెంబరు 21న రిజర్వు బ్యాంకుకు రాసినట్టు వెలుగులోకి వచ్చిన ఉత్తరం ఈ బంధం ఎలా మొదలైందో చెబుతుంది. బ్యాంకు పసితనంలోనే మునిగిపోయే స్థితికి వస్తే ఈ కుటుంబం మూలధనం పెట్టి నిలబెట్టిందట, డిపాజిట్లు తెచ్చి పోసిందట. 2004లో డబ్బు కోసం జనం ఎగబడినప్పుడు వంద కోట్లు జమ చేసి గండం గట్టెక్కించిందట. బ్యాంకు ఆ మేలు మరవలేదు. మరవకపోవడమే దాని చేటు. ఒక మనిషి మరో మనిషికి రుణపడి ఉంటే అది మంచితనం. జనం డబ్బుకు కాపలా ఉన్న సంస్థ ఒక కుటుంబానికి రుణపడి, ఆ రుణాన్ని జనం డబ్బుతో తీర్చబోతే దాన్ని ఏమనాలి? బ్యాంకు చైర్మన్ వర్యం సింగ్ కూడా అంతకుముందు ఏళ్ల తరబడి హెచ్‌డీఐఎల్ డైరెక్టరుగా ఉన్నవాడే. అప్పు అడిగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ మధ్య బల్ల ఒకటే, దానికి అటూ ఇటూ కూర్చున్నది ఇంచుమించు ఒకరే.

హెచ్‌డీఐఎల్ వైభవమంతా ముంబయి విమానాశ్రయం చుట్టూ ఉన్న మురికివాడల పునరావాస పథకం మీద ఆధారపడింది. 2007లో వచ్చిన ఆ కాంట్రాక్టు 2013లో రద్దయింది. అక్కడి నుంచి సంస్థకు నగదు కటకట మొదలైంది. వాయిదాలు ఆగాయి. రిజర్వు బ్యాంకు నిబంధన సూటిగా ఉంటుంది. తొంభై రోజులు దాటి వాయిదా రాకపోతే ఆ అప్పును మొండి బాకీగా రాసుకోవాలి, లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. ఒకే గ్రూపుకు ఇచ్చే అప్పుకూ పరిమితి ఉంది. అప్పట్లో పట్టణ సహకార బ్యాంకు తన మూలధన నిధుల్లో 40 శాతానికి మించి ఒక గ్రూపుకు ఇవ్వకూడదు. పీఎంసీ ఇచ్చింది మూలధనం లెక్కకు అందేది కాదు. బయటపడ్డాక తేలిన అంకె 6,500 కోట్ల పైచిలుకు. బ్యాంకు ఇచ్చిన మొత్తం అప్పుల్లో నూటికి డెబ్భై మూడు వంతులు. వంద రూపాయలు డిపాజిటు చేసిన టాక్సీ డ్రైవరుకు తెలియకుండానే, అతని బ్యాంకు ఇంచుమించు ఒకే ఇంటికి వడ్డీ వ్యాపారిగా మారిపోయింది.

నిజం రాస్తే ఆ రోజే బ్యాంకు నష్టాల్లో పడేది. అందుకని రాయలేదు. ఎలా రాయకుండా ఉండగలిగారన్నదే ఈ గాథలో చేదైన భాగం.

పాత రోజుల్లో చిట్టా ఒకరు రాసేవారు, ఆవర్జాలోకి మరొకరు ఎక్కించేవారు, మేనేజరు సాయంత్రం సరిచూసి సంతకం పెట్టేవాడు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఆ పద్ధతే కంప్యూటరులోకి వచ్చింది. ప్రతి ఉద్యోగికీ ఒక లాగిన్ ఐడీ, పాస్‌వర్డు ఉంటాయి. హోదాను బట్టి, శాఖను బట్టి అనుమతులు ఉంటాయి. కౌంటరులో ఉన్నవాడు ఎంట్రీ కొడతాడు, ఆఫీసరు పాస్ చేస్తాడు. కొట్టినవాడే పాస్ చేయడానికి లేదు. బ్యాంకు లాకరు తెరవడానికి ఖాతాదారు తాళంచెవి, బ్యాంకు తాళంచెవి రెండూ కావాలి కదా, ఇదీ అంతే. ఎవరు ఏ ఖాతా తెరిచారు, ఏ అంకె మార్చారు, ఎన్ని గంటలకు మార్చారు అన్నది లాగ్‌లో పడుతుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలని. ఈ ఖాతాను ఎవరు చూడొచ్చు? ఎవరు మార్చొచ్చు? ఎవరు చూశారో, ఏం మార్చారో ఎవరికి తెలుస్తుంది?

ఈ ఏర్పాటులోనే కొన్ని ఖాతాలను కొందరి కళ్ల నుంచి దాచే వెసులుబాటూ ఉంటుంది. అది తప్పు కాదు. బ్యాంకు ఉద్యోగుల సొంత ఖాతాలు, పేరున్న మనుషుల ఖాతాలు ప్రతి గుమాస్తా తెరపైనా కనిపిస్తే ఖాతాదారు గుట్టు రచ్చకెక్కుతుంది. కాబట్టి ప్రత్యేక కోడ్ పెట్టి, అవసరమున్న కొద్దిమందికే కనిపించేలా చేస్తారు. ఖాతాదారును ఊళ్లోవాళ్ల నుంచి కాపాడటానికి పుట్టిన తాళం అది.

పీఎంసీలో ఆ తాళాన్ని హెచ్‌డీఐఎల్ గ్రూపుకు చెందిన నలభై నాలుగు అప్పు ఖాతాలకు వేశారు. ముంబయి పోలీసుల ఆర్థిక నేరాల విభాగం చెప్పిన ప్రకారం ఆ ఖాతాలు ప్రత్యేక కోడ్ ఉన్న కొద్దిమంది సిబ్బందికి తప్ప ఎవరికీ కనిపించలేదు. ఆ కొద్దిమంది ఇరవై అయిదుగురని అప్పటి పత్రికలు రాశాయి. తక్కిన సిబ్బంది తమ బ్యాంకులోనే ఉంటూ, తమ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో ముప్పావు వంతును చూడలేకపోయారు. రోజూ పొద్దున లాగిన్ అయి, సాయంత్రం లెక్క సరిచూసి, తాము చూసిందే బ్యాంకు అనుకుని ఇంటికి వెళ్లారు.

లోపలివాళ్ల కళ్లు కప్పితే సగం పనే అయింది. బయటి నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు మిగిలారు. మొదట్లో వాళ్లతో పెద్దగా ఇబ్బంది రాలేదని థామస్ ఉత్తరం చెబుతుంది. బ్యాంకు వేగంగా పెరుగుతుంటే ఆడిటర్లకు తీరిక చాలేది కాదు, కొత్తగా ఇచ్చిన అప్పులనే చూసి పాతవాటిని వదిలేసేవారట. రిజర్వు బ్యాంకు అప్పుల ఖాతాలన్నిటి వివరాలతో పూర్తి జాబితా అడగడం మొదలుపెట్టాక సంకటం వచ్చింది. ఆ జాబితాలో నలభై నాలుగు పేర్లు కనిపించకూడదు. కానీ మొత్తం తగ్గకూడదు, తగ్గితే లెక్క కుదరదు.

అప్పుడు పుట్టాయి 21,049 ఖాతాలు.

నలభై నాలుగు ఖాతాల్లోని అప్పును ఇరవై ఒక్క వేల నలభై తొమ్మిది ముక్కలు చేసి, అన్నీ డిపాజిటు మీద తీసుకున్న చిన్న అప్పులని చూపించారు. సుమారుగా లెక్కేస్తే ఒక్కో హెచ్‌డీఐఎల్ ఖాతా సగటున నూట నలభై ఏడు కోట్లు. ముక్కలయ్యాక ఒక్కోటి ముప్ఫై ఒక్క లక్ష. నూట నలభై ఏడు కోట్ల అప్పును ఏ ఇన్‌స్పెక్టరైనా ఫైలు తెప్పించి చూస్తాడు. డిపాజిటు పూచీ మీద ఉన్న చిన్న అప్పును ఎవరూ తిరగెయ్యరు, ఎగ్గొట్టే వీల్లేని అప్పు కదా అది. మొత్తాలు చిన్నవి కావడంతో, డిపాజిటు మీద ఇచ్చినవని రాయడంతో వాటిని రిజర్వు బ్యాంకు పరిశీలించలేదని ఉత్తరంలోనే ఉంది.

ఆ వేల ఖాతాలు కోర్ బ్యాంకింగ్‌లో అసలు తెరవనే లేదని పోలీసులు చెప్పారు. అవి ఉన్నది రిజర్వు బ్యాంకుకు పంపిన జాబితాలో మాత్రమే. అంటే బ్యాంకుకు రెండు పుస్తకాలున్నాయి. ఒకదానిలో నిజం ఉంది, దాన్ని చూడటానికి కోడ్ కావాలి. రెండోదానిలో అబద్ధం ఉంది, అది అడిగినవారికల్లా అందుతుంది. ఆ జాబితాలోంచి ఏదో ఒక ఖాతా నంబరు తీసి, ఏ శాఖలోనైనా కూర్చుని కంప్యూటరులో కొట్టి చూసి ఉంటే చాలు. ఖాతా దొరికేది కాదు. ఏళ్ల అబద్ధం ఆ ఒక్క నిమిషంలో తెల్లారేది. అది చేయాల్సిన చోట ఎవరూ చేయలేదు.

ఒక బ్యాంకు రికార్డు రెండుచోట్ల ఉండి, ఆ రెంటినీ పోల్చే చెయ్యి లేకపోతే ఏమవుతుందో పీఎంసీ మూతపడడానికి ఏడాదిన్నర ముందే దేశమంతా చూసింది. 2018 తొలి నెలల్లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబయి బ్రాడీ హౌస్ శాఖ వ్యవహారం బయటపడింది. విదేశీ బ్యాంకులకు పూచీ ఇచ్చే స్విఫ్ట్ సందేశాలు వెళ్లాయి, కోర్ బ్యాంకింగ్‌లో ఆ బాధ్యత తాలూకు ఎంట్రీ పడలేదు. రెండు వ్యవస్థలకూ ముడి లేదు. ఈ ప్రమాదం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని రిజర్వు బ్యాంకు ఆ తర్వాత చెప్పుకుంది. పదమూడు వేల కోట్ల పైచిలుకు పోయాక కూడా ఆ పాఠం సయాన్ గదిలో పుట్టిన బ్యాంకు దాకా రాలేదు. పంజాబ్ నేషనల్ బ్యాంకు వెనుక సర్కారు ఉంది, డిపాజిటరుకు ఒక్క రోజు కూడా డబ్బు ఆగలేదు. పీఎంసీ వెనుక ఎవరూ లేరు.

2019 ఆగస్టులో హెచ్‌డీఐఎల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇక దాచడానికి చోటు లేదు. సెప్టెంబరు 21న ఉత్తరం. 23న రిజర్వు బ్యాంకు ఆంక్షలు. 24 పొద్దున ఖాతాదారుల ఫోన్లకు సందేశాలు వచ్చాయి. ఒక్కో ఖాతా నుంచి ఆరు నెలల్లో తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు.

ముంబయిలో వెయ్యి రూపాయలతో ఒక ఇల్లు ఆరు నెలలు ఎలా గడుస్తుందో ఆ ఆదేశంలో లేదు. శాఖల ముందు జనం గుమిగూడారు. షట్టర్లు సగం దించారు. స్కూలు ఫీజు కట్టాల్సినవాళ్లు, ఆపరేషను తేదీ ఖాయమైనవాళ్లు, పనివాళ్లకు జీతాలివ్వాల్సిన దుకాణదారులు, వాచ్‌మన్‌కు ఇవ్వడానికి సొసైటీ ఖాతా తప్ప మరోటి లేని అపార్టుమెంటు కార్యదర్శులు. కౌంటరు అవతల నిలబడి ఆ తిట్లన్నీ తిన్నది ఎవరు? ఏ రోజూ ఆ నలభై నాలుగు ఖాతాలు తెరపైన చూడని గుమాస్తాలు. వాళ్ల జీతం కూడా ఆ బ్యాంకులోనే పడేది. జవాబు తెలిసినవాళ్లు కౌంటరు దగ్గర లేరు. కౌంటరు దగ్గర ఉన్నవాళ్లకు జవాబు చూసే అనుమతి ఏనాడూ లేదు.

పరిమితి పెరుగుతూ వచ్చింది. రెండు మూడు రోజుల్లో పదివేలు, అక్టోబరు 3న పాతికవేలు, 14న నలభైవేలు, నవంబరు 5న యాభైవేలు. యాభైవేల దగ్గర నూటికి డెబ్భై ఎనిమిది మంది డిపాజిటర్లు తమ సొమ్ము పూర్తిగా తీసుకోగలుగుతారని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2020 జూన్‌లో లక్ష చేశాక ఆ అంకె ఎనభై నాలుగైంది. తలలు లెక్కపెడితే ఊరటే. కానీ చిల్లర సొమ్ము ఉన్నవాళ్లు తేలిగ్గా ఒడ్డెక్కారు, జీవితమంతా కూడబెట్టింది ఒకేచోట పెట్టినవాళ్లు మిగిలిపోయారు. ఆ మిగిలినవాళ్లలో చాలామంది ముసలివాళ్లు. ఆ శరదృతువులోనే డిపాజిటర్ల చావులు వార్తలయ్యాయి. కొందరికి గుండె ఆగింది. కొందరు వైద్యానికి డబ్బు అందక పోయారని ఇంటివాళ్లు చెప్పారు. ఆత్మహత్యల కబుర్లూ వచ్చాయి. పాస్‌బుక్కులో అంకె మాత్రం చెరగలేదు, ఎన్నిసార్లు ప్రింటు వేయించినా పైసాతో సహా అలాగే వచ్చేది. కనిపించని ఖాతాల్లోంచి డబ్బు పోయింది. కనిపించే ఖాతాల్లోంచి డబ్బు రాలేదు.

అక్టోబరు మొదట్లో వాధావన్ తండ్రీకొడుకులను, ఆ వెంటనే జాయ్ థామస్‌ను, వర్యం సింగ్‌ను అరెస్టు చేశారు. డిసెంబరులో పోలీసులు వేసిన అభియోగపత్రం ముప్ఫై రెండు వేల పేజీలు దాటింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు ఆస్తులు జప్తు చేసింది, వాటిలో ఖరీదైన కార్లూ విమానమూ ఉన్నాయి. ఎవరి పాపం ఎంతో న్యాయస్థానాలు తేల్చాలి. డిపాజిటర్లు మాత్రం ఆ తీర్పుల కోసం ముంబయి ఆజాద్ మైదానంలో ధర్నాకు కూర్చోలేదు. వాళ్లు అడిగింది తమ డబ్బు. 2020లో కోవిడ్ వచ్చి ఆ కూర్చోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

పతనం తర్వాత చట్టాలు కదిలాయి, మన దేశంలో అది ఆనవాయితీ. 1993 నుంచి లక్ష రూపాయల దగ్గరే ఆగిపోయిన డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరిలో అయిదు లక్షలైంది. అదే ఏడాది బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సవరించి సహకార బ్యాంకుల మీద రిజర్వు బ్యాంకుకు పట్టు పెంచారు. బ్యాంకు మీద ఆంక్షలు పడితే తొంభై రోజుల్లో బీమా సొమ్ము చేతికందేలా 2021లో మరో సవరణ వచ్చింది. అంతకుముందు బ్యాంకు లైసెన్సు రద్దయి, లెక్కలు తేలేదాకా ఆ బీమా ఒక కాగితం మాటే. అయిదు వందల కోట్లకు పైబడ్డ ఆస్తులున్న పట్టణ సహకార బ్యాంకులు అయిదు కోట్లు దాటిన ప్రతి అప్పుదారు వివరాలనూ రిజర్వు బ్యాంకు వారి కేంద్ర భాండాగారానికి పంపాలన్నారు. అప్పు మొండిదో కాదో మనిషి చెప్పడం కాదు, కంప్యూటరే తేదీలు లెక్కగట్టి తేల్చాలని, పెద్ద సహకార బ్యాంకులకు 2021 జూన్ గడువు పెట్టారు.

ఇవన్నీ మంచి పనులే. ప్రతి ఒక్కటీ పీఎంసీలో తెరుచుకున్న ఒక్కో కన్నాన్ని పూడ్చేదే. కానీ ఈ కథ చదివితే కన్నాల కంటే లోతైనది ఒకటి కనిపిస్తుంది. అక్కడ లాగిన్లున్నాయి, పాస్‌వర్డులున్నాయి, కోడ్‌లున్నాయి. భద్రత కొరవడి బ్యాంకు కూలలేదు. ఆ భద్రత ఎవరి కోసమన్నది తలకిందులైంది. ఖాతాదారు గుట్టు కాపాడే తాళాన్ని తీసుకెళ్లి అప్పుదారు గుట్టుకు వేశారు. ఏ సాఫ్ట్‌వేరు అమ్మినవాడూ ఈ తేడాను పసిగట్టే మీటను అందులో పెట్టలేడు. ఒక ఖాతాను దాచమని పైవాడు ఆదేశిస్తే, ఎందుకు దాచాలని అడగగలిగే మనిషి ఒకడు, ఆ పైవాడికి లోబడనివాడు, ఆ వ్యవస్థలో ఉండాలి. దాచిన ఖాతాల జాబితా దాచినవాళ్ల చేతిలో కాకుండా మరొకరి బల్ల మీదకు నెలనెలా రావాలి. నియంత్రణ సంస్థకు బ్యాంకు టైపు చేసి పంపే జాబితాను కాకుండా, బ్యాంకు అసలు పుస్తకాన్నే తనిఖీదారు తన ఐడీతో తెరిచి చూడాలి. ఇంత చిన్న సంగతులు లేకపోబట్టే ముప్ఫై అయిదేళ్ల ఇల్లు కూలింది.

పీఎంసీని కొనడానికి పెద్ద బ్యాంకు ఏదీ ముందుకు రాలేదు. చివరికి సెంట్రమ్, భారత్‌పే కలిసి పెట్టిన యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో దాన్ని కలిపారు. 2021 నవంబరు 1న పని మొదలుపెట్టిన యూనిటీకి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. తనకంటే ఎన్నో రెట్లు పెద్ద అప్పుల మూటను నెత్తికెత్తుకుంది. పథకం ప్రకారం అయిదు లక్షల వరకు బీమా సొమ్ము నుంచి ముందుగా ఇస్తారు. ఆ పైన ఉన్నవాళ్లకు మొదటి ఏడాది చివర యాభైవేలు, రెండో ఏడాది యాభైవేలు, మూడో ఏడాది లక్ష, నాలుగో ఏడాది రెండున్నర లక్షలు, అయిదో ఏడాది అయిదున్నర లక్షలు. అంతకు మించి ఉన్నదంతా పదేళ్ల తర్వాత. 2021 మార్చి 31 తర్వాత వడ్డీ లేదు, విలీనమైన నాటి నుంచి అయిదేళ్లు నిండేదాకా అంతే. ఆ తర్వాత వ్యక్తుల డిపాజిట్లలో మిగిలినదాని మీద ఏడాదికి నూటికి రెండు రూపాయల డెబ్భై అయిదు పైసలు. బ్యాంకు దివాలా తీసి ఉంటే ఈ మాత్రం కూడా దక్కేది కాదని పథకం రాసినవారు అన్నారు. అది అబద్ధమేమీ కాదు.

అయినా అటువైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేయాలి. పదవీ విరమణ సొమ్ము ముప్ఫై లక్షలు ఆ బ్యాంకులో పెట్టిన మనిషికి 2019లో అరవై అయిదేళ్లు అనుకుందాం. అయిదో ఏడాది వాయిదాతో కలిపి అతనికి అందేది పదిహేను లక్షలు. మిగతా సగం 2032 జనవరి తర్వాత. అప్పటికి అతనికి డెబ్భై ఎనిమిదేళ్లు నడుస్తుంటాయి. వడ్డీతో మందులు కొనుక్కుందామని దాచిన డబ్బు, మందులు అవసరమైన ఏళ్లన్నీ గడిచాక చేతికొస్తుంది. అతనికి తెలియనిదల్లా ఒక్కటే. తన డబ్బు ఎవరికి అప్పుగా వెళ్లిందో తన బ్యాంకులో ఇరవై అయిదుగురికి తెలుసు. మిగిలినవాళ్లెవరికీ చూసే హక్కు ఇవ్వలేదు, తనకు అడిగే హక్కు ఉందని ఎవరూ చెప్పలేదు.